అమెరికా మందుల షాపులో టీకా వేశారు... రెండో డోసు మా వీధి మెడికల్ షాపులో వేయించుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 66. చాలా ఏళ్ళుగా షుగర్ ఉంది. గుండెకు స్టెంట్ వేశాక ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడుతున్నాను. ప్రస్తుతం డాలస్‌లో మా అమ్మాయి దగ్గర ఉన్నాం. మొన్న ఇక్కడి మందుల షాపులో ఫ్లూ టీకా, షింగిల్స్ టీకా రెండూ ఒకేరోజు వేశారు. వేసింది డాక్టరూ కాదు, నర్సూ కాదు. ఫార్మసిస్ట్ అట! రెండు రోజులు జ్వరం, ఒళ్ళు నొప్పులు. చెయ్యి పైకెత్తలేకపోయాను. ఇప్పుడు తగ్గింది. రెండో డోసు సమయానికి గుంటూరు వచ్చేస్తాను. మా వీధి చివర మెడికల్ షాపులో వేయించుకోవచ్చా? హైదరాబాద్‌లో ఫార్మ్-డి చదువుతున్న మనవరాలు ‘నానమ్మా, రేపు నేనూ ఇలాగే టీకాలు వేస్తా’ అంటోంది. అది మన దగ్గర కుదిరే పనేనా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

సలహా: అమ్మా, ముందు టెన్షన్ పక్కన పెట్టండి. మీకు వచ్చిన జ్వరం, నొప్పులు సూది వేసినవారి పొరపాటు వల్ల వచ్చినవి కావు. షింగిల్స్ అంటే ఒంటికి ఒకవైపు మంటతో నీటిపొక్కులు వచ్చే సర్పి జబ్బు. దానికి వేసే టీకా షింగ్రిక్స్‌లో రోగనిరోధక శక్తిని గట్టిగా తట్టిలేపే పదార్థం కలుపుతారు. అందుకే మామూలు ఫ్లూ టీకా కంటే ఇది ఎక్కువ నొప్పి పెడుతుంది. రెండు మూడు రోజులు నీరసం, కండరాల నొప్పులు, చలిజ్వరం చాలామందికి వస్తాయి. డాక్టర్ వేసినా వస్తాయి. ఫ్లూ టీకాతో కలిపి ఒకేరోజు వేయడంలో కూడా తప్పేమీ లేదు. రెండు వేర్వేరు చోట్ల వేస్తే చాలు. ఆ రెండు రోజులు షుగర్ కాస్త పెరిగి ఉంటే కంగారు పడకండి, దానంతట అదే సర్దుకుంటుంది.

ఒక్క సంగతి మాత్రం గమనించుకోండి. టీకా వేసిన ఒకటి రెండు రోజుల్లో మొదలైన భుజం నొప్పి వారాలు గడిచినా తగ్గకుండా, జడ వేసుకోవడానికి కూడా చెయ్యి వెనక్కి వెళ్ళకపోతే అది మామూలు టీకా నొప్పి కాదు. సూది మరీ పైకి, కీలు దగ్గర దిగితే అలా అవుతుంది. అప్పుడు ఎముకల డాక్టర్‌కు చూపించాలి. మీకు తగ్గిపోయింది కాబట్టి ఆ బెంగ లేదు.

ఇక మీ అసలు సందేహం. డాక్టర్ లేకుండా టీకా ఎలా వేశారని కదా? మీకు డాక్టర్ కనిపించలేదు గానీ, కాగితం మీద ఉన్నారు. టెక్సస్ నిబంధనల ప్రకారం ఫార్మసిస్ట్ టీకా వేయాలంటే ఒక డాక్టర్ సంతకం చేసిన ప్రోటోకాల్ ఉండాలి. ఏ వయసు వారికి ఏ టీకా వేయాలి, ఎవరికి వేయకూడదు, రియాక్షన్ వస్తే ఏ మందు ఎంత ఇవ్వాలి అన్నవన్నీ అందులో ముందే రాసి ఉంటాయి. మీ చేత ఒక ఫారం నింపించి ఉంటారు, గుర్తుందా? అలర్జీలున్నాయా, ఇంతకుముందు ఏ టీకాకైనా రియాక్షన్ వచ్చిందా, రక్తం పలచబడే మందులు వాడుతున్నారా అని అడిగేది. మీ అమ్మాయే గబగబా టిక్కులు పెట్టేసి ఉంటుంది. టీకా వేయించుకోవడంలో అన్నిటికంటే ముఖ్యమైన ఘట్టం ఆ కాగితమే. రెండోసారి మీరే దగ్గరుండి నింపండి.

అమెరికాలో ఇది నిన్నమొన్నటి ఏర్పాటు కాదు. 1994లో సియాటెల్‌లో ఫార్మసిస్టులకు పద్ధతి ప్రకారం టీకా శిక్షణ మొదలైంది. 1996లో అమెరికన్ ఫార్మసిస్ట్స్ అసోసియేషన్ దాన్ని దేశమంతటికీ పనికొచ్చే సర్టిఫికెట్ కోర్సుగా తయారుచేసింది. 2009 నాటికి 50 రాష్ట్రాల్లోనూ ఏదో ఒక మేరకు అనుమతి వచ్చేసింది. ఐర్లండ్‌లో 2011లో, ఇంగ్లండ్‌లో 2015లో ప్రభుత్వ ఫ్లూ టీకా మందుల షాపుల్లోకి వచ్చింది. కారణం మీరు కళ్ళారా చూస్తూనే ఉన్నారు. అక్కడ డాక్టర్ అపాయింట్‌మెంట్ దొరకడానికి వారాలు పడుతుంది. మందుల షాపు రాత్రి దాకా తెరిచే ఉంటుంది. పాలు, బ్రెడ్ కొనడానికి వెళ్ళినవాళ్ళు టీకా కూడా వేయించుకుని వస్తారు.

ఆ శిక్షణలో ఏముంటుందో చెబుతాను. మీ మనవరాలి గురించి అడిగిన ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది. మొత్తం 20 గంటల కోర్సు. ఎక్కువ భాగం ఇంటి దగ్గర చదువుకుని పరీక్ష రాయాలి. మిగతాది ఒక రోజంతా తరగతిలో. ఆ రోజు ఒకరికొకరు సెలైన్ సూదులు వేసుకుంటారు. కండరంలోకి రెండు, చర్మం కిందికి ఒకటి వేసి చూపించాలి. పరీక్షించేవారు పక్కనే నిలబడి చూస్తారు. భుజం చివరి ఎముకను వేలితో తడిమి, అక్కణ్ణుంచి రెండు మూడు వేళ్ళ వెడల్పు కిందికి దిగి, కండరం మందంగా ఉన్నచోట నిలువుగా గుచ్చాలి. సన్నటి మనిషికి పొట్టి సూది, లావుపాటి మనిషికి పొడుగు సూది. చొక్కా చెయ్యి సగం మడిచి వేయకూడదు, భుజం మొత్తం కనిపించాలి. చెప్పుకుంటే చిన్న విషయాలే. ఇందాక చెప్పిన భుజం నొప్పి మాత్రం వీటిని పట్టించుకోకపోవడం వల్లే వస్తుంది.

నా లెక్కలో గుచ్చడం మొత్తం పనిలో పదో వంతు కూడా కాదు. సూది గుచ్చడం ఎవరికైనా ఒక పూటలో వచ్చేస్తుంది. ఎవరికి గుచ్చకూడదో తెలియడం, గుచ్చాక మనిషి పడిపోతే ఏం చేయాలో తెలియడం, ఈ రెండింటి కోసమే శిక్షణ. టీకా వేశాక మిమ్మల్ని పావుగంట కుర్చీలో కూర్చోబెట్టారు కదా, అది మర్యాద కోసం కాదు. ప్రాణం మీదికి తెచ్చే తీవ్రమైన అలర్జీ పది లక్షల డోసులకు ఒకటి రెండు మాత్రమే వస్తుంది. వస్తే మాత్రం ఎక్కువగా నిమిషాల్లోనే వస్తుంది. సూది చూసి భయంతో కళ్ళు తిరిగి పడేవాళ్ళు అంతకంటే చాలా ఎక్కువ. రెండింటికీ తేడా అక్కడికక్కడ పట్టుకోవాలి. భయంతో పడినవారి మొహం పాలిపోతుంది, చెమట పడుతుంది, నాడి నెమ్మదిగా కొట్టుకుంటుంది. పడుకోబెట్టి కాళ్ళు కొంచెం ఎత్తితే నిమిషంలో లేచి కూర్చుంటారు. అలర్జీ అయితే ఒళ్ళంతా దద్దుర్లు, పెదవుల వాపు, ఆయాసం, నాడి వేగం. అప్పుడు ఆలస్యం చేయకుండా తొడ కండరంలో అడ్రినలిన్ ఇవ్వాలి, ఆ వెంటనే అంబులెన్స్‌కు ఫోన్ చేయాలి. ‘ముందు ఒక అవిల్ (అలర్జీ మందు) ఇచ్చి చూద్దాం’ అని కూర్చుంటే ప్రాణం పోవచ్చు. అందుకే అక్కడ టీకా వేసే ఫార్మసిస్ట్ దగ్గర సీపీఆర్ (గుండె ఆగినవారికి ఛాతీ నొక్కి చేసే ప్రథమ చికిత్స) సర్టిఫికెట్ కూడా ఉండాలి, గడువు దాటనిది.

ఇప్పుడు గుంటూరు సంగతికి వద్దాం. మీ వీధి చివర మెడికల్ షాపులో వద్దమ్మా. ఆ షాపాయన మంచివారు కాదని కాదు. మన దగ్గర మందుల షాపు లైసెన్సు మందులు నిల్వచేసి, చీటీ చూసి అమ్మడానికి ఇస్తారు. షాపులో టీకా వేసే ఏర్పాటు అందులో లేదు. డాక్టర్ ప్రోటోకాల్, పావుగంట కూర్చోబెట్టే కుర్చీ, అడ్రినలిన్ ట్రే, టీకా వివరాలు ఎక్కించే రిజిస్టర్ ఇవేవీ కౌంటర్ వెనక ఉండవు. ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. చాలా షాపుల్లో గోడకు వేలాడే సర్టిఫికెట్ ఒకరిది, కౌంటర్‌లో నిలబడేది ఇంకొకరు. మీకు సూది వేసేది ఆ రెండో మనిషి.

ఆర్‌ఎంపీల దగ్గర, కొన్ని షాపుల్లో ఇంకో పాత అలవాటు ఉంది. ఏ సూదైనా పిరుదుకే వేస్తారు. కుక్క కరిచినప్పుడు వేసే రేబిస్ టీకాను పిరుదుకు అస్సలు వేయకూడదు. అక్కడి కొవ్వులో చిక్కుకుని సరిగ్గా పనిచేయదు. హెపటైటిస్-బి సంగతీ అంతే. పెద్దవాళ్ళకు భుజానికి, పసిపిల్లలకు తొడకు వేయాలి. ఎవరైనా పడుకోమని చెప్పి నడుము దగ్గర దూది రాస్తుంటే ఆగమని అడగండి, మొహమాటపడొద్దు. రేబిస్ టీకా ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగానే వేస్తారు, దాని కోసం షాపుకు వెళ్ళే అవసరమే లేదు.

టీకా చల్లదనం గురించి కూడా మనవాళ్ళకు సగమే తెలుసు. ఎండకు పాడవుతుందని అందరికీ తెలుసు, గడ్డకడితే కూడా పాడవుతుందని చాలామందికి తెలియదు. చాలా టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. షాపులో కొన్న టీకాను ఐసు ముక్కల మధ్య దోపి, పాలిథిన్ సంచీలో ఊపుకుంటూ క్లినిక్‌కు తెచ్చేవాళ్ళను చూస్తూనే ఉంటాను. సీసా చల్లగా తగులుతుంది కాబట్టి బాగుందనుకుంటారు. ఒకసారి గడ్డకట్టి కరిగిన టీకా పైకి బాగానే కనిపించవచ్చు. లోపల పనిచేసే గుణం పోతుంది. డీప్ ఫ్రీజర్ పక్కనే పెట్టినా ఇదే ప్రమాదం. ఫ్రిజ్ తలుపు అరలో పెడితే తలుపు తీసినప్పుడల్లా వేడి తగులుతుంది. ఇక కరెంటు పోయిన పూట ఫ్రిజ్‌లో ఎన్ని డిగ్రీలుందో రాసిపెట్టుకునే షాపు మీ వీధిలో ఉందేమో కనుక్కోండి. ఉంటే ఆయనకు నా నమస్కారం చెప్పండి.

అలాగని మన ఫార్మసిస్టులకు ఈ పని చేతకాదని నేను అనను. కోవిడ్ టీకాలప్పుడు కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల్లో టీకా వేయదగినవారి జాబితాలో డాక్టర్లు, నర్సులు, ఏఎన్ఎంలతో పాటు ఫార్మసిస్టులనూ చేర్చారు. ఊళ్ళల్లో పిల్లల టీకాల భారమంతా మోస్తున్నది ఏఎన్ఎంలే. వాళ్ళు డాక్టర్లు కారు కదా! భుజాన వ్యాక్సిన్ క్యారియర్ తగిలించుకుని, ఎండలో నడిచి వెళ్ళి, సీసా మీది గుర్తు రంగు మారిందో లేదో చూసి మరీ వేస్తారు. శిక్షణ, పైన అజమాయిషీ, జవాబుదారీతనం ఉన్నాయి కాబట్టే అది నడుస్తోంది. ఫార్మసిస్టులకూ ఆ మూడూ సమకూరిస్తే పెద్దవాళ్ళ టీకాలు మన దగ్గరా పుంజుకుంటాయని నా నమ్మకం. ఇప్పుడైతే యాభై దాటినవారికి ఫ్లూ, న్యుమోనియా టీకాలున్నాయని చెప్పే దిక్కే తక్కువ. ఈ మాటకు మా డాక్టర్లలోనే కొందరు ఒప్పుకోరు, అది వేరే సంగతి.

మీ మనవరాలికి ఇదే చెప్పండి. ఫార్మ్-డి మన దేశంలో 2008లో వచ్చిన ఆరేళ్ళ కోర్సు. చివరి ఏడాది ఆసుపత్రి వార్డుల్లోనే గడుస్తుంది. మందుల అలర్జీలు, ఒక మందుకు ఇంకో మందుతో పడకపోవడం వాళ్ళకు కొట్టిన పిండి. అంటే టీకా శిక్షణలో కష్టమైన భాగం ఆమెకు ఇప్పటికే సగం వచ్చు. ఇంటర్న్‌షిప్‌లో టీకా క్లినిక్‌లో కూర్చునే అవకాశం అడగమనండి. సూది వేయనివ్వకపోయినా ఫ్రిజ్ ఉష్ణోగ్రత నమోదు, ముందస్తు ప్రశ్నలు, రియాక్షన్ వస్తే రిపోర్ట్ చేయడం నేర్చుకోవచ్చు. సీపీఆర్ కోర్సు ఇప్పుడే చేసేయమనండి. ఇక్కడే ఉన్నా, అమెరికా వెళ్ళినా పనికొస్తుంది. అక్కడ చాలా ఫార్మసీ కాలేజీల్లో టీకా శిక్షణ చదువులో భాగమైపోయింది.

చివరగా మీ రెండో డోసు. మొదటి డోసుకు రెండు నుంచి ఆరు నెలల మధ్య వేయించుకోవాలి. ఏ కారణం చేతనైనా ఆలస్యమైతే మళ్ళీ మొదటి నుంచి అక్కర్లేదు, రెండోది వేయించుకుంటే చాలు. షింగ్రిక్స్ 2023 నుంచి మన దేశంలోనూ దొరుకుతోంది. ఒక్కో డోసు పది వేల రూపాయల పైమాటే. కాబట్టి డాలస్‌లో బయల్దేరే ముందే రెండు నెలలు నిండితే అక్కడే వేయించుకుని రావచ్చు. మీ ఇన్సూరెన్స్‌లో వస్తుందో లేదో మాత్రం ముందే అమ్మాయిని కనుక్కోమనండి, విజిటర్ పాలసీలు చాలావరకు టీకాల ఖర్చు ఇవ్వవు.

గుంటూరులో అయితే పెద్దలకు టీకాలు వేసే ఆసుపత్రికి లేదా మీ గుండె డాక్టర్‌కు ఫోన్ చేసి, స్టాక్ తెప్పించి పెట్టమనండి. మీరు కొని మోసుకెళ్ళకండి. ఈ టీకా రెండు సీసాల్లో వస్తుంది. ఒకదాంట్లో పొడి, రెండోదాంట్లో ద్రవం. రెండూ కలిపి, ఆరు గంటల్లోపు వేసేయాలి. పొడి సీసా అట్టపెట్టెలోనే ఉండిపోయి ఒట్టి ద్రవమే వేసిన సంఘటనలు విదేశాల్లోనూ జరిగాయి. మీ ముందే కలపమని అడగండి, అది మీ హక్కు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ ఒక్క పూట కూడా ఆపొద్దు, స్టెంట్ ఉన్నవారికి అది ప్రమాదం. వాటి సంగతి ముందే చెబితే సన్నటి సూది వాడతారు. వేశాక రుద్దకుండా రెండు నిమిషాలు దూదితో గట్టిగా నొక్కి పట్టుకోండి. చిన్న కమిలిన మచ్చ వచ్చినా వారంలో పోతుంది.

డాలస్ షాపులో ఇచ్చిన టీకా కాగితాన్ని ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకోండి. అందులో టీకా పేరు, లాట్ నంబరు, తేదీ ఉంటాయి. ఇక్కడి డాక్టర్ మొదట అడిగేది అవే. రెండో డోసుకూ రెండు రోజులు ఒళ్ళు నొప్పులుంటాయి కాబట్టి, పెళ్ళికో ప్రయాణానికో ముందు రోజు మాత్రం పెట్టుకోకండి. జ్వరం వస్తే పారాసెటమాల్ చాలు.