కౌంట్ రాసే చేయి

నెల్లూరు

చిరంజీవి మేనల్లుడికి,

నీకు కొనుగోళ్ల మేనేజరుగా ప్రమోషన్ వచ్చిందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషం. రొయ్యల ప్లాంటులో ఆ కుర్చీలో నేను 11 ఏళ్లు కూర్చున్నాను. రేట్ల సంగతి, ఏజెంట్ల సంగతి నీకు ఎవరైనా చెబుతారు. లంచం సంగతి ఎవరూ చెప్పరు కాబట్టి నేను రాస్తున్నాను.

లంచం అంటే బల్ల కింద కవరు అనుకుంటాం. మన పనిలో అది తెల్లవారుజామున చెరువు గట్టు మీద, టార్చి వెలుతుర్లో జరుగుతుంది. పట్టుబడి రోజు, అంటే చెరువులో రొయ్య పట్టే రోజు, మన మనిషి బుట్టలోంచి కిలో రొయ్య తూచి లెక్కపెడతాడు. 40 వస్తే 40 కౌంట్. కౌంట్ తగ్గితే రొయ్య పెద్దదని, మనం ఎక్కువ రేటు కట్టాలి. 44 ఉన్నదాన్ని 40 అని రాస్తే కిలోకి 10 రూపాయల తేడా అనుకో, 3 టన్నుల చెరువుకి 30 వేలు. అందులో కొంత ఆ రాసిన చేతికి వస్తుంది. అబద్ధం రాయనక్కర్లేదు కూడా, బుట్టలోకి పెద్ద రొయ్యలు ఏరుకుంటే చాలు.

నా దగ్గర ఒకతను ఉండేవాడు. ఇందుకూరుపేట వైపు చెరువులన్నీ అతనే చూసేవాడు. ఆరేళ్లలో ఒక్క సెలవు పెట్టలేదు. చెల్లెలి పెళ్లి రోజు కూడా సాయంత్రానికి గట్టు మీదికి వచ్చేశాడు. మీటింగుల్లో అతన్ని చూపించి మిగతావాళ్లకి బుద్ధులు చెప్పేవాణ్ణి. ఒకసారి డెంగీ వచ్చి పది రోజులు ఆసుపత్రిలో ఉంటే వేరే కుర్రాణ్ణి పంపాను. ఆ పది రోజులూ గట్టు మీద రాసిన కౌంటు, ప్లాంటులో గ్రేడింగ్ అయ్యాక తేలిన కౌంటు దాదాపు సరిపోయాయి. అంతకుముందు ఎప్పుడూ మూడు నాలుగు తేడా ఉండేది. దారిలో ఏదో అవుతుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకునేవాణ్ణి. రెండు కాగితాలూ రోజూ నా బల్ల మీదికే వచ్చేవి. పక్కపక్కన పెట్టి చూడలేదు, అంతే. పిలిచి అడిగితే అతను కాదనలేదు. "మీరెప్పుడూ అడగలేదు కదా సార్" అన్నాడు.

ఆ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టడంతోనే నువ్వు మొదలుపెట్టు. మనిషి వారీగా, ఏజెంటు వారీగా చూడు. నిజమైన పొరపాటు ఒకరోజు ఇటు, ఒకరోజు అటు పోతుంది. ఎప్పుడూ ఒకవైపే పోతుంటే అది పొరపాటు కాదు. మూడు నెలలకోసారి మనుషుల్ని వేరే మండలానికి మార్చు. ఏడాదికి పది రోజుల సెలవు తప్పనిసరి చెయ్యి. వద్దని గట్టిగా మొత్తుకునేవాణ్ణి గమనించు కానీ వెంటనే దొంగ అనేయకు. ఇంట్లో పోరు పడలేక డ్యూటీకి వచ్చేవాళ్లూ ఉంటారు.

కౌంటు కన్నా భయపడాల్సింది శాంపిల్ దగ్గర. మందుల పరీక్షకి రొయ్య తెచ్చే కుర్రాడి చేతిలో వెయ్యి రూపాయలు పెడితే సంచిలోకి పక్క చెరువు రొయ్య వస్తుంది. ఆ తర్వాత నైట్రోఫ్యూరాన్ అనే నిషేధించిన యాంటీబయాటిక్ అవశేషాలు యూరప్‌లో బయటపడితే పోయేది కంటైనర్ సరుకంతా. శాంపిల్‌కి ఇద్దర్ని పంపు. గట్టు మీదే సీలు వేయించు. సంచి మీద రైతు పేరు వద్దు, నంబరు చాలు.

సంక్రాంతికి మలైకాజా డబ్బా వస్తే తిప్పి పంపి ఎవర్నీ నొప్పించకు, ఆఫీసులో అందరికీ పంచి రిజిస్టరులో రాయించు. మొలగొలుకుల బియ్యం బస్తా వస్తే మాత్రం గుమ్మం దాటనివ్వకు. మీ అత్తయ్య ఒక ఏడాది దించుకుంది. ఆ ఏజెంటు బిల్లు ఆపాల్సి వచ్చినప్పుడు నాకు నోరు పెగల్లేదు.

ఇక ప్రభుత్వ ఆఫీసుల చుట్టూ తిరిగే పనులు. "ఏజెంటు చూసుకుంటాడు" అన్న మాట వినబడితే ఆగు. బిల్లులో "ఇతర ఖర్చులు" అని గుండ్రంగా పదివేలు ఉంటే రసీదు అడుగు. 1988 నాటి అవినీతి నిరోధక చట్టాన్ని 2018లో సవరించారు. ఇప్పుడు ఇచ్చినవాడిదీ నేరమే, ఏడేళ్ల దాకా జైలు. మన పని కోసం ఏజెంటు ఇచ్చినా కంపెనీ మెడకి చుట్టుకుంటుంది. తెలిసి ఊరుకున్న మేనేజరుకి మూడేళ్లకి తక్కువ కాకుండా శిక్ష పడుతుంది. ఇలాంటివి జరక్కుండా తగిన ఏర్పాట్లు ముందే చేశామని చూపించగలిగితే కంపెనీకి అదే రక్షణ. కాబట్టి నా రిజిస్టర్ల గోల చాదస్తం అనుకోకు. ఒత్తిడికి లొంగి ఇవ్వాల్సివస్తే ఏడు రోజుల్లోగా ఫిర్యాదు చెయ్యాలి. ఇవ్వకముందే ఏసీబీ నంబరు 1064కి ఫోన్ చేస్తే ఇంకా మేలు. గట్టు మీద చేయి తడుపుకున్న మన కుర్రాడి సంగతి వేరు. ఆ చట్టం ప్రభుత్వోద్యోగుల లంచాల గురించి. వాడి మీద మోసం, నమ్మకద్రోహం కింద వెళ్లాలి, లాయర్ని అడుగు.

ఇంకొకటి, ఇది రాయడానికి నాకే కష్టంగా ఉంది. ఆ కౌంట్ల గొడవ గురించి డెంగీకి ఏడాది ముందే ఐస్ లారీ డ్రైవరు ఒకతను నా చెవిన వేశాడు. నేను నమ్మలేదు సరికదా, ఫలానా వాడు ఇలా అంటున్నాడని మీటింగులో అందరి ముందూ అనేశాను. నెల తిరక్కుండా అతను పని మానేశాడు. ఆ తర్వాత నేను రిటైరయ్యేదాకా నా గదిలోకి వచ్చి, తలుపు వేసి, ఎవరూ నాకు ఏమీ చెప్పలేదు.

నీ మామయ్య