బ్యాంకు ఖాతాలు, నాన్నగారి సంస్థ లెక్కలు తెమ్మని సమన్లు: ఎంతవరకు అభ్యంతరం చెప్పవచ్చు?

ప్రశ్న: మాది కర్నూలు. విడాకుల కేసు నడుస్తుండగా, 2019లో ఇద్దరి పేరిట కొన్న ఫ్లాటు పూర్తిగా తనదేనని మావారు ఫ్యామిలీ కోర్టులో దావా వేశారు. నా పదేళ్ల ఖాతా వివరాలు ఇమ్మని బ్యాంకుకు, లెక్కల పుస్తకాలు తెమ్మని మా నాన్నగారి భాగస్వామ్య సంస్థకు సమన్లు ఇప్పించారు. వీటిని ఆపే దారి ఉందా?

జవాబు: దారి ఉంది గాని, సమన్లను మొత్తంగా రద్దు చేయమని అడిగితే మీకు దేనినో దాచే ఉద్దేశం ఉందన్న అనుమానం కలిగి, న్యాయమైన అభ్యంతరం కూడా బలహీనపడుతుంది. విడాకులతో భార్యాభర్తల ఆస్తులన్నిటినీ కలిపి పంచే చట్టం మన రాష్ట్రాల్లో లేదు. కాబట్టి ఈ దావాలో ప్రధానంగా తేలవలసినది ఆ ఫ్లాటుకు ఎవరు, ఏ సొమ్ముతో, ఎంత చెల్లించారన్నదే. కొనుగోలుకు అటూ ఇటూ ఉన్న కాలానికి, చెల్లింపులు జరిగిన ఖాతాకు సమన్లను పరిమితం చేయమని పిటిషన్ వేయండి. గృహరుణం ఉంటే, వాయిదాలు కట్టిన ఖాతాను తరువాతి సంవత్సరాలకు కూడా ఇవ్వక తప్పదు. మీరు భరణం కోరి ఉంటే, 2020 నాటి రజ్నేష్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం ఆస్తి అప్పుల అఫిడవిట్ ఎలాగూ దాఖలు చేయాలి గనుక, గోప్యత అనే వాదన ఒక్కదాని మీదే ఆధారపడకండి.

నాన్నగారి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఆయన ఈ దావాలో పక్షకారుడు కారు, కనుక అభ్యంతరం ఆయనే తన న్యాయవాది ద్వారా చెప్పుకోవడం మంచిది. సంస్థ లెక్కల్లో ఇతర భాగస్వాముల, ఖాతాదారుల వివరాలు ఉంటాయని, ఫ్లాటుకు సంస్థ నుంచి సొమ్ము వెళ్లి ఉంటే ఆ పద్దుల నకళ్లు మాత్రం చాలునని కోరవచ్చు. అయితే అభ్యంతరం ఉంది కదా అని వాయిదాకు పత్రాలు తీసుకెళ్లకపోవడం పెద్ద పొరపాటు. భారతీయ సాక్ష్య అధినియమం 165వ సెక్షన్ ప్రకారం, తన వద్ద ఉన్న పత్రాన్ని అభ్యంతరం ఉన్నప్పటికీ కోర్టుకు తేవలసిందే. ఆ అభ్యంతరం చెల్లుతుందో లేదో న్యాయమూర్తి నిర్ణయిస్తారు. సీల్డు కవరులో సమర్పించి, నిర్ణయం వెలువడేవరకు అవతలి పక్షానికి చూపవద్దని కోరవచ్చు. పత్రాలకోసమే సమన్లు వచ్చినప్పుడు ఆయన స్వయంగా రానవసరం లేదు, మరొకరితో పంపినా చాలు. సరైన కారణం లేకుండా మానేస్తే మాత్రం వారంటు, ఆస్తి జప్తు వరకు వెళ్లే అధికారం కోర్టుకు ఉంది.

బ్యాంకు సంగతికి వస్తే, 1891 నాటి బ్యాంకర్ల పుస్తకాల సాక్ష్య చట్టం ప్రకారం ధ్రువీకరించిన నకళ్లు సాక్ష్యంగా చెల్లుతాయి. ప్రత్యేక కారణంతో కోర్టు ఆదేశిస్తే తప్ప అసలు పుస్తకాలు తెమ్మని బ్యాంకు అధికారిని బలవంతపెట్టరాదు. మీకూ మీ న్యాయవాదికీ మధ్య నడిచిన ఉత్తరాలకు చట్టరక్షణ ఉంది, వాటిని ఇవ్వకండి.

ఫ్యామిలీ కోర్టుల చట్టం 14వ సెక్షన్ సాక్ష్య నియమాలను సడలించింది కనుక, సాంకేతిక లోపాలు ఎత్తిచూపడం కంటే పదేళ్ల లెక్కలకు ఈ ఫ్లాటుతో సంబంధమేమిటని అడగడమే మీకు బలం. పిటిషన్ కొట్టేస్తే, అది మధ్యంతర ఉత్తర్వు గనుక అప్పీలు ఉండదు. రాజ్యాంగం 227వ అధికరణం కింద హైకోర్టుకు వెళ్లవచ్చు గాని, అక్కడ జోక్యం అరుదు. అందుచేత కాలపరిమితి, ఖాతా నంబరు, కావలసిన పద్దులు స్పష్టంగా రాసిన పిటిషన్‌ను వచ్చే వాయిదాకు ముందే కింది కోర్టులో వేయించండి.