టెక్ సందేహాలు: దింపి వెళ్లినందుకు ఫాస్టాగ్‌లో రూ.200 కట్

ప్రశ్న: మాది బెంగళూరులో మారతహళ్లి. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని వైట్‌ఫీల్డ్ వైపు ఒక మాల్‌లో దింపడానికి గేటు లోపలికి వెళ్లి, వాళ్లు దిగగానే బయటికి వచ్చేశాను. అంతా కలిపి మూడు నాలుగు నిమిషాలు. రాత్రి చూస్తే ఫాస్టాగ్ నుంచి రూ.200 పోయినట్టు మెసేజ్. సెక్యూరిటీని అడిగితే ‘సిస్టమ్ కట్ చేసింది’ అంటున్నారు. హైవే హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేస్తే అది తమ పరిధి కాదన్నారు. హైదరాబాద్‌లో అరగంట ఫ్రీ కదా, ఇక్కడ వర్తించదా? ఫోన్లో రుజువేమైనా దొరుకుతుందా?

జవాబు: ముందు ఆ అరగంట సంగతి. మాల్స్‌లో మొదటి 30 నిమిషాలు ఉచితమన్నది 2018 మార్చిలో తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన జీవో 63. అది తెలంగాణ దాటదు. బెంగళూరులో దాన్ని చూపించి వాదిస్తే మీ అసలు ఫిర్యాదు కూడా పలచనైపోతుంది. ఇక్కడ లెక్కలోకి వచ్చేది గేటు దగ్గరున్న రుసుముల బోర్డు. ఇంకోసారి అటు వెళ్లినప్పుడు దాన్ని ఫోటో తీయండి. కన్నడలో ఉన్నా మనకు కూడబలుక్కుని చదవగలిగే లిపే, అంకెలకైతే ఆ పాటి కష్టం కూడా లేదు.

ఆ బోర్డే మీ కేసు ఏ రకమో చెబుతుంది. కనీస రుసుమే రూ.200, ఉచిత సమయం లేదని రాసి ఉంటే, లోపలికి వెళ్లి వచ్చారు కాబట్టి డబ్బు వెనక్కి రావడం కష్టం. బోర్డు గేటు దాటాక గానీ కనిపించని చోట ఉందన్న ఒక్క వాదనే మిగులుతుంది. అలా కాక మొదటి రెండు గంటలకు రూ.50 లాంటిదేదో ఉండి, మీకు రూ.200 పడిందంటే సిస్టమ్ సమయాన్ని తప్పుగా లెక్కేసింది. మెసేజ్ రాత్రి వచ్చిందంటున్నారు కాబట్టి నా అనుమానం దీని మీదే.

ఎలా జరుగుతుందంటే, ఫాస్టాగ్‌లో బ్యాటరీ ఉండదు. గేటు పైనున్న రీడర్ పంపే రేడియో తరంగాలతోనే ట్యాగ్ మేల్కొని తన నంబరు చెబుతుంది. లోపలికి వెళ్లేటప్పుడు ఒక రీడింగ్, బయటికి వచ్చేటప్పుడు ఇంకొకటి. రెండింటి మధ్య సమయానికి డబ్బు. బయటి రీడింగ్ తప్పిపోతే, అంటే ముందు కారు తోకకు ఆనుకుని మీరూ దాటేసినా, గార్డు చేత్తో బారియర్ ఎత్తినా, సిస్టమ్ లెక్కలో మీ కారు ఇంకా లోపలే ఉంటుంది. తర్వాత ఎవరో ఆ ఖాతా మూసేటప్పుడు గంటల తరబడి ఉన్నట్టో, టికెట్ పోయినట్టో బిల్లు పడుతుంది. రీడర్ కొన్ని మీటర్ల దూరం నుంచీ ట్యాగ్‌ను పట్టేస్తుంది. దాంతో పక్క లేన్‌లో మనిషిని దింపి వెళ్లే కారుకు కూడా ‘లోపలికి’ అని నమోదయ్యే ప్రమాదం ఉంది. కెమెరాతో నంబరు ప్లేటు చదివే చోట్ల 8ని బి అని, 0ని డి అని చదవడం మామూలే. ప్లేటు మీద దుమ్ము ఉంటే మరీను.

కాబట్టి ఫిర్యాదులో ‘కాసేపే ఆగాను’ అని రాయొద్దు. ‘ప్రవేశ సమయం, నిష్క్రమణ సమయం, ఆ రెండు రీడింగులూ చూపండి’ అని అడగండి. నిష్క్రమణ రీడింగ్ లేకపోతే వాళ్ల దగ్గర లెక్కే లేదు.

1033 జాతీయ రహదారుల టోల్‌కు. పార్కింగ్ ఫిర్యాదు మీకు ట్యాగ్ ఇచ్చిన బ్యాంకుకు వెళ్లాలి. ట్యాగ్ ఏ బ్యాంకుదో గుర్తులేకపోతే స్టిక్కర్ మీదే ఉంటుంది. ఆ బ్యాంకు ఫాస్టాగ్ యాప్‌లోనో పోర్టల్‌లోనో స్టేట్‌మెంట్ తీసి, ఆ లావాదేవీ నంబరు, మాల్ పేరు, ట్యాగ్ రీడ్ అయిన సమయం రాసుకోండి. డబ్బు కట్ అయిన సమయం వేరు, ట్యాగ్ రీడ్ అయిన సమయం వేరు. చాలామంది ఎస్సెమ్మెస్‌లో ఉన్న టైమ్ రాసి పప్పులో కాలేస్తారు. తర్వాత ఆ లావాదేవీ మీదే డిస్ప్యూట్ పెట్టి, కారు నంబరు, 34161తో మొదలయ్యే ట్యాగ్ ఐడీ, బోర్డు ఫోటో, మీ రుజువు జతచేయండి. బ్యాంకు దాన్ని మాల్ తరఫున డబ్బు వసూలు చేసే బ్యాంకుకు పంపిస్తుంది. రిఫరెన్స్ నంబరు లేకుండా ఫోన్ పెట్టేయకండి. అదే రోజు మాల్ నిర్వాహకులకు కూడా మెయిల్ పెట్టి, ఆ గంట సీసీటీవీ రికార్డింగ్ చెరిపేయవద్దని అడగండి. పాత రికార్డింగ్ మీద కొత్తది పడిపోవడానికి కొన్ని వారాలు చాలు.

రుజువుల్లో అన్నిటికన్నా గట్టిది ఇంకో గేటులో మీ కారు కనిపించడం. మీ అపార్ట్‌మెంట్‌లో మైగేట్ లాంటి యాప్ ఉండి కారు రాకపోకలు నమోదవుతుంటే, ఆ ఎంట్రీ స్క్రీన్‌షాట్ తీయండి. మాల్ లెక్కలో కారు లోపలే ఉన్న సమయంలో మీ ఇంటి గేటు దాటినట్టు తేలితే ఇక మాటల్లేవు. కారులో డాష్‌క్యామ్ (ముందు దారిని రికార్డు చేసే కెమెరా) ఉంటే వెంటనే మెమరీ కార్డు తీసేయండి. 64 జీబీ కార్డు ఫుల్ హెచ్‌డీలో సుమారు 8, 9 గంటలకే నిండి పాతదాని మీద రాసుకుపోతుంది.

గూగుల్ మ్యాప్స్ టైమ్‌లైన్ ముందే ఆన్‌లో ఉంటేనే పనికొస్తుంది. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, లొకేషన్, లొకేషన్ సర్వీసెస్, టైమ్‌లైన్‌లోకి వెళ్తే ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు. ఇప్పుడు ఈ డేటా ఫోన్లోనే ఉంటుంది. ఆటో డిలీట్ 3 నెలలకు పెట్టి ఉందేమో చూసుకోండి. మూడు నిమిషాల ఆగుడు అందులో విడిగా కనిపించకపోవచ్చు, కంగారుపడకండి. మాల్ తర్వాత మీరెక్కడున్నారో కనిపిస్తే చాలు. అయితే అది ఫోన్ ప్రయాణమే కానీ కారు ప్రయాణం కాదని ఎదుటివాళ్లు అనొచ్చు. అందుకే గేటు ఎంట్రీకి తోడుగానే వాడండి.

బ్యాంకు 30 రోజుల్లో తేల్చకపోయినా, తోసిపుచ్చినా ఆర్‌బీఐ ఫిర్యాదుల పోర్టల్ సీఎంఎస్‌లో అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. వివరాలకు 14448. అక్కడ చూసేది బ్యాంకు పనితీరే. మాల్ మీదైతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తెలుగులో మాట్లాడొచ్చు. చివరి మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం మీరుండే చోటే, రెండేళ్ల లోపు వేయొచ్చు. రూ.5 లక్షల లోపు సేవలకు రుసుము లేదు. రూ.200 కోసం అంత దూరం ఎందుకంటారా, నిజమే. కానీ 1915లో నమోదు చేసేందుకు పది నిమిషాలు చాలు.

ఒక పని మాత్రం చేయకండి. ఇకపై మాల్ చదవకూడదని ట్యాగ్‌ను అద్దం మీద నుంచి ఊడదీసి చేత్తో పట్టుకు తిరగడం. అలాంటి ట్యాగ్‌లను బ్లాక్‌లిస్ట్‌లో పెట్టాలని జాతీయ రహదారుల సంస్థ 2025 జులైలో నిర్ణయించింది. హోసూరు దారిలో టోల్ దగ్గర ఇరుక్కుంటారు.

ప్రశ్న: బెంగళూరు ఎయిర్‌పోర్టులో అత్తయ్యగారిని ఎక్కించుకునేసరికి రూ.150 అడిగారు. ఇదీ ఛాలెంజ్ చేయొచ్చా?

జవాబు: 2025 డిసెంబరు నుంచి అక్కడి పికప్ లేన్‌లో సొంత కార్లకు 8 నిమిషాలు ఉచితం. 13 నిమిషాల దాకా రూ.150, 18 దాకా రూ.300. ఆపైన ఉంటే కారు లాక్కెళ్తారు. మీరు 9వ నిమిషంలో బయటపడ్డా రూ.150 రూల్ ప్రకారమే. రసీదులో రెండు సమయాల తేడా 8 నిమిషాల లోపే ఉంటే మాత్రం అడగండి. విమానం దిగిందని కాకుండా, సామాను చేతికొచ్చిందని ఫోన్ వచ్చాకే లేన్‌లోకి వెళ్లండి.

ప్రశ్న: గార్డు చక్రానికి క్లాంప్ (కారు కదలకుండా వేసే తాళం) వేసి, ‘ఫైన్’ అంటూ రూ.500 ఫోన్‌పే చేయించుకున్నాడు. యూపీఐలో డిస్ప్యూట్ పెట్టొచ్చా?

జవాబు: పెట్టినా నిలవడం కష్టం. పిన్ కొట్టింది మీరే. ప్రైవేటు గార్డుకు జరిమానా వేసే అధికారం లేదు, అది పోలీసుల చలానాకే. అయితే అలా రాస్తే సరిపోదు. క్లాంప్ ఫోటో, ఆ స్కానర్‌లో వచ్చిన పేరు, 12 అంకెల యూటీఆర్ (లావాదేవీ నంబరు), రసీదు ఇవ్వలేదన్న మాట కలిపి 1915లో పెట్టండి. డబ్బు సంస్థ ఖాతాకు కాక గార్డు సొంత నంబరుకు వెళ్లి ఉంటే మాల్ యాజమాన్యమే ముందు కదులుతుంది. ఫోటోలను వాట్సాప్‌లో మామూలుగా పంపితే తీసిన సమయం, చోటు చెరిగిపోతాయి. డాక్యుమెంట్‌గా పంపండి. ఫోటో వివరాల్లో జీపీఎస్ సమయం ఐదున్నర గంటలు వెనక ఉన్నట్టు కనిపిస్తే అది తప్పు కాదు, యూటీసీ, అంటే ప్రపంచ ప్రామాణిక సమయం. దానికి 5:30 కలిపి రాయండి.