ముందు ఆ మరక ఏంటో చూడండి: సింక్, షవర్ గచ్చు గురించి మీ ప్రశ్నలు

ప్రశ్న: మా స్టీల్ సింక్‌లో కొళాయి కింద తెల్లగా గార కట్టింది. వెనిగర్, వంటసోడా కలిపి పోస్తే బుసబుసా పొంగింది కానీ మరక కదల్లేదు. ఇనుప పీచుతో గట్టిగా తోమాను, ఇప్పుడు అక్కడక్కడా ఎర్రటి చుక్కలు కూడా వచ్చాయి. ఇక యాసిడ్ పోయాల్సిందేనా?

జవాబు: వద్దండీ, స్టీల్ సింక్‌లో యాసిడ్ అసలు పోయకండి. బాత్రూమ్‌లు కడిగే యాసిడ్ అంటే హైడ్రోక్లోరిక్ యాసిడ్. స్టీల్ తుప్పు పట్టకుండా కాపాడేది దాని పైన ఉండే, కంటికి కనిపించనంత పల్చటి పొర ఒకటి, ఈ యాసిడ్ ముందు దాన్నే తినేస్తుంది, ఆ తర్వాత సన్న సన్న గుంటలు పడతాయి, అవి ఏం పెట్టి తోమినా పోవు.

ఇక ఆ పొంగు సంగతి. వెనిగర్ ఆమ్లం, వంటసోడా క్షారం. రెండూ కలిశాయంటే ఒకదాని బలాన్ని ఇంకొకటి విరిచేస్తుంది, బుడగలన్నీ గ్యాస్‌గా పోయాక గిన్నెలో మిగిలేది ఏ పవరూ లేని ఉప్పు నీళ్ళ లాంటిది. మరకను కరిగించాల్సిన ఆమ్లం మరక దాకా పోకుండానే ఖర్చయిపోయింది. విడివిడిగా వాడితే రెండూ మంచివే, కలిపి మాత్రం వాడకండి.

మీ తెల్ల మరక నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం పేరుకుని గట్టిపడింది. అనుమానం ఉంటే ఒక్క చుక్క వెనిగర్ వేసి చూడండి, సన్నగా బుడగలు వస్తే అదే. ఈ మరకకి కావలసింది బలం కాదు, టైమ్. టిష్యూ పేపర్లు వెనిగర్‌లో తడిపి మరక మీద పరిచేసి, ఆరిపోకుండా మధ్యలో కాస్త చిలకరిస్తూ అరగంట వదిలేయండి, మందంగా ఉంటే కడిగేసి ఇంకోసారి చేయండి. వెనిగర్ వాసన పడదనుకుంటే అర లీటరు నీళ్ళలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు కరిగించి అదే పద్ధతిలో వాడొచ్చు. తర్వాత మెత్తటి స్పాంజితో, స్టీల్ మీద సన్నటి గీతలు ఏ వైపుకి ఉన్నాయో ఆ వైపుకే రుద్ది, బాగా కడిగి పొడి గుడ్డతో తుడిచేయండి. ఎలాగూ నానాలి కదా అని రాత్రంతా మాత్రం ఉంచొద్దు.

ఎర్ర చుక్కలకి టెన్షన్ పడకండి, పీచు నుంచి రాలిన ఇనుప తునకలు సింక్‌కి అంటుకుని తుప్పు పట్టి ఉంటాయి. నిమ్మ ఉప్పు నీళ్ళతోనే చాలావరకు పోతాయి. ఆ పీచు మాత్రం ఇక సింక్ దగ్గరికి రానివ్వకండి.

ప్రశ్న: షవర్ కింద జారకుండా గరుకు టైల్స్ వేయించాం. ఆ గరుకులో బూడిద రంగు మురికి ఇరుక్కుపోయింది. వెనిగర్ పెట్టినా, నిమ్మ ఉప్పు పెట్టినా కొంచెం కూడా తేడా లేదు.

జవాబు: మందు సరైనదే, వరస తప్పింది. అక్కడ ఉన్నది ఒట్టి గార కాదు. సబ్బు నీళ్ళలోని కాల్షియంతో కలిసి, నీటిలో కరగని తెట్టులా మారి గచ్చుకి అంటుకుంటుంది, దాని మీద ఒంటి జిడ్డు, షాంపూ, మట్టి, మళ్ళీ గార, ఇలా పొర మీద పొర. జిడ్డు పొర పైన ఉన్నంతసేపూ ఆమ్లం లోపలికి దిగదు. అందుకని ముందు జిడ్డు తీయాలి. గిన్నెలు కడిగే లిక్విడ్ గానీ బట్టల సబ్బు పొడి గానీ వేడి నీళ్ళలో కలిపి గచ్చంతా పోసి పావుగంట ఆగి, గట్టి నైలాన్ బ్రష్‌తో గుండ్రంగా తిప్పుతూ తోమండి. గరుకు గుంటల్లోకి స్పాంజి వెళ్ళదు, బ్రష్ కుచ్చులే వెళ్ళాలి. మొత్తం కడిగేశాక, అప్పుడు నిమ్మ ఉప్పు నీళ్ళు పోసి పది, పదిహేను నిమిషాలు ఉంచి మళ్ళీ తోమండి. చాలా ఏళ్ళ మురికైతే ఒక్క రోజులో పోదు, వారానికోసారి చేస్తూ పోతే పొర పొరగా వదులుతుంది.

టైల్స్ మధ్య సిమెంట్ గ్రౌట్‌ని ఆమ్లం కొంచెం కొంచెంగా తింటుంది కాబట్టి ఎక్కువసేపు ఉంచకుండా నీళ్ళు ధారగా పోసి కడగండి. ఒకవేళ గచ్చు పాలరాయి, సున్నపురాయి లాంటిదైతే వెనిగర్, నిమ్మ ఉప్పు ఏదీ వద్దు. ఆ రాయీ, మీరు తీయాలనుకుంటున్న గారా ఒకే పదార్థం, గార కంటే ముందు రాయి మెరుపు పోతుంది. అక్కడ రాళ్ళకని అమ్మే, ఆమ్లం లేని క్లీనరే వాడాలి. షవర్ కింద టైల్స్‌కి బదులు యాక్రిలిక్ ట్రే, అంటే ప్లాస్టిక్ పళ్ళెం లాంటిది అమర్చి ఉంటే గట్టి బ్రష్, గరుకు పొడి రెండూ మానేయండి, గీతలు పడితే తర్వాత ఆ గీతల్లోనే మురికి చేరుతుంది.

ప్రశ్న: వాష్‌బేసిన్‌లో కొళాయి కారే చోట గోధుమ రంగు చార. బ్లీచ్ వేస్తే ఇంకా ముదిరింది!

జవాబు: అది తుప్పు. బ్లీచ్ ఇనుముని ఇంకా ఆక్సీకరణం చేస్తుంది, అందుకే ముదిరింది. దీనికి పనిచేసేది ఆక్సాలిక్ యాసిడ్ ఉన్న క్లీనింగ్ పౌడర్, డబ్బా మీద చదివి తీసుకోండి. అది విషం కాబట్టి గ్లౌజులు తప్పనిసరి, పిల్లలకి అందకుండా పెట్టాలి. బ్లీచ్ వేసిన రోజే ఇది వేయకండి, ముందు బేసిన్ నీళ్ళతో బాగా కడిగి మర్నాడు మొదలుపెట్టండి. గిన్నెలు రాసుకుని పింగాణీ సింక్ మీద పడే నల్లటి గీతలు కూడా ఈ పౌడర్‌తోనే పోతాయి, అవి చాలాసార్లు పగుళ్ళు కావు, పింగాణీకి అంటిన లోహం. కొళాయి వాషర్ మాత్రం ముందు మార్పించండి, లేకపోతే చార మళ్ళీ వస్తుంది.

ప్రశ్న: టాయిలెట్ క్లీనర్‌లో బ్లీచ్ కలిపి షవర్ గచ్చు మీద పోశాను. గొంతు మండి, దగ్గు ఆగలేదు. ఎందుకలా?

జవాబు: మీరు పీల్చింది క్లోరిన్ గ్యాస్. దయచేసి ఇంకెప్పుడూ అలా కలపకండి. టాయిలెట్ క్లీనర్లలో చాలావాటిలో ఆమ్లం ఉంటుంది, బ్లీచ్‌తో ఆమ్లం కలిస్తే, అది వెనిగర్ అయినా సరే, క్లోరిన్ వస్తుంది. కొన్ని గ్లాస్ క్లీనర్లలో అమ్మోనియా ఉంటుంది, దాంతో బ్లీచ్ కలిసినా విషవాయువే. మూసి ఉన్న చిన్న బాత్రూమ్‌లో ఇది ప్రాణం మీదికి తెస్తుంది. ఎప్పుడైనా ఆ ఘాటు తగిలితే గచ్చు కడగడానికి లోపల నిలబడొద్దు, ముందు బయటికి వచ్చేయండి, ఆయాసం గానీ దగ్గు గానీ తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

ప్రశ్న: షవర్ మూలల్లో సిలికాన్ పట్టీ నల్లబడింది. ఒక పక్క గులాబీ రంగు జిగురు కూడా కనిపిస్తోంది.

జవాబు: గులాబీ రంగుది బ్యాక్టీరియా, సబ్బు మిగుళ్ళు తిని తడిలో పెరుగుతుంది. సబ్బు నీళ్ళతో తోమి కడిగేసి, పల్చటి బ్లీచ్ పది నిమిషాలు ఉంచి మళ్ళీ కడిగితే పోతుంది, గచ్చు తడిగా వదిలేస్తే తిరిగి వస్తుంది. నల్లది బూజు. టిష్యూని బ్లీచ్‌లో తడిపి, కిటికీ తెరిచిపెట్టి, రెండు మూడు గంటలు పట్టీ మీద ఉంచి చూడండి. అయినా మచ్చలు ఉన్నాయంటే బూజు సిలికాన్ లోపలికి దిగినట్టే, పాత పట్టీ కోసి తీసేసి, ఆ సందు పూర్తిగా ఆరాక కొత్తది వేయించుకోండి.