ఫ్లూ టీకా గురించి శ్రావణికి

శ్రావణీ,

నీకు ఏడో నెల పడిందని మీ అమ్మ చెప్పింది. డాక్టరమ్మ ఫ్లూ టీకా రాసిస్తే, కడుపుతో ఉన్నప్పుడు అనవసరంగా సూదులెందుకని మీ అత్తగారు అన్నారట. ఆవిడకు బిడ్డ మీద ప్రేమే, కాదనను. కానీ ఈ సూది ఆ బిడ్డ కోసం కూడా.

ఆరు నెలలు నిండని పసిపిల్లలకు ఫ్లూ టీకా వేయరు. అప్పటిదాకా ఈ టీకాతో నీ ఒంట్లో తయారై మాయ ద్వారా చేరిన, జబ్బుతో పోరాడే యాంటీబాడీలే వాళ్లకు అండ. అవి తయారవడానికి రెండు వారాలైనా పడుతుంది, కాబట్టి తొమ్మిదో నెల దాకా నాన్చకు. బంగ్లాదేశ్‌లో గర్భిణులకు ఈ టీకా వేసి చూస్తే, వాళ్ల బిడ్డల్లో తొలి ఆరు నెలల్లో పరీక్షలో తేలిన ఫ్లూ 63 శాతం తగ్గిందని 2008లో వెల్లడైంది.

నీకూ అవసరమే. 2009 స్వైన్ ఫ్లూ రోజుల్లో మా వార్డులో ఒక నిండు గర్భిణి దిండ్లకు ఆనుకుని కూర్చునే కునికేది. వెల్లకిలా పడుకుంటే ఊపిరి అందేది కాదు.

ధనుర్వాతం సూది అయిపోయింది కదా అనకు, అది వేరు. పోయినేడాది ఫ్లూ టీకా వేసుకున్నా మళ్లీ వేసుకోవాలి, వైరస్ ఏటా రూపు మారుస్తుంది. నీకు జబ్బకు వేసే సూదే కావాలి. ముక్కులో కొట్టే రకం గర్భిణులకు పనికిరాదు. మందు ఫ్రిజ్‌లోంచి నీ ఎదుటే తీయమను, గడువు తేదీ చూడు. నర్సులు విసుక్కుంటే విసుక్కోనీ, మేమూ విసుక్కునేవాళ్లమే! ఇదివరకు ఏ టీకాకైనా దద్దుర్లు, ఆయాసం వచ్చి ఉంటే ముందే చెప్పు. ఒకటి రెండు రోజులు జబ్బ నొప్పి, కాస్త ఒళ్లు నొప్పులు ఉండవచ్చు.

మీ ఆయన, మీ అమ్మ కూడా వేయించుకోవాలి. బిడ్డను రోజంతా ఎత్తుకునేది వాళ్లే. బారసాలకు తుమ్ముతూ వచ్చే చుట్టాలను గుమ్మంలో ఆపే పని నాకు వదిలెయ్యి, చెడ్డపేరు నాకు కొత్త కాదు.

ఒకవేళ పురుడయ్యాక నీకే జలుబు, జ్వరం వస్తే పాలు మాన్పించకు. చేతులు కడుక్కుని, మాస్కు పెట్టుకుని పట్టు. బిడ్డ ఒళ్లు కాలుతున్నా, పాలు తాగకపోయినా, డొక్కలు ఎగరేస్తున్నా దిష్టి తీస్తూ కూర్చోకండి. అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి బయలుదేరండి.

మీ పెద్దమ్మ