మార్కులు వేసే పని అన్నయ్యకు ఎవరిచ్చారు?

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. చిన్నప్పటి నుంచీ బొమ్మలు వేయడం ఇష్టం. అందరూ పడుకున్నాక వేసుకుంటాను. ఎవరైనా వస్తున్న అలికిడి అయితే పుస్తకం మూసేస్తాను. మా అన్నయ్య బొమ్మలు చాలా బాగా వేస్తాడు. నేను ఆరో తరగతిలో వేసిన ఆవు బొమ్మను చుట్టాలందరికీ చూపించి నవ్వించాడు. ఈమధ్య మా ఇంటికి వచ్చినప్పుడు నా డ్రాయింగ్ బుక్ తీసి, అందరి ముందూ పేజీలు తిప్పుతూ మళ్లీ అదే పని చేశాడు. నేనూ నవ్వేశాను. అప్పటి నుంచి పెన్సిల్ పట్టుకుంటే చేయి ఆడటం లేదు. ముఖాలు కుదరవు. చెరిపి చెరిపి కాగితం చిరిగిపోతోంది. ఏదైనా కోర్సులో చేరితే ఈ సిగ్గు పోతుందా? లేక ఈ వయసులో మానేయడమే మంచిదా? నాన్న ఆఖరి రోజుల్లో ఆసుపత్రిలో పక్కన కూర్చుని ఆయన చేయి వేశాను. సూది దగ్గర అతికించిన టేపు, వంకర తిరిగిన చిటికెన వేలు కూడా వేశాను. అది ఇంతవరకూ ఎవరికీ చూపించలేదు.

జవాబు: కోర్సు సంగతి ముందే తేల్చేద్దాం. చేరాలనిపిస్తే చేరండి, లేకపోతే లేదు. దాంతో మీ సిగ్గు పోదు. వయసు ఊసు అసలు ఎత్తకండి.

మీ ఉత్తరం రెండుసార్లు చదివానమ్మా. బొమ్మల గురించి రాయాలని మొదలుపెట్టి అన్నయ్య గురించి రాశారు. రాత్రి గదిలో మీరొక్కరే ఉన్నా, ఆయన మీ భుజం వెనక నిలబడే ఉన్నాడు. ఆరో తరగతి నుంచి మీరు గీసిన ప్రతి గీతా ఆయనకు చూపించి మార్కులు అడుగుతున్నట్టే ఉంది.

‘నేనూ నవ్వేశాను’ అన్నారు చూడండి, ఆ ముక్క దగ్గర నా మనసు చివుక్కుమంది. పెద్దవాడు సరదాకి అన్నాడులే, మనసులో పెట్టుకోకూడదు అని ఆడపిల్లకు చిన్నప్పుడే నేర్పేస్తారు. మీరూ నేర్చుకున్నారు. అన్నయ్యను గౌరవించండి, ఆయనకు కష్టం వస్తే ముందు మీరే పరుగెత్తండి. నేనూ అలా ఉండాలనే అంటాను. కానీ గౌరవం వేరు, మీకు ప్రాణమైన పనిని ఆయన తీర్పుకు అప్పజెప్పడం వేరు. రెండోది ఏ అన్నయ్యకూ బాకీ లేరు మీరు.

కాబట్టి ముందు ఆయనకు ఫోన్ చేయండి. నలుగురిలో వద్దు, ఆయన ఒక్కడే ఉన్నప్పుడు. ‘అన్నయ్యా, నా పుస్తకం నన్ను అడక్కుండా తియ్యొద్దు. ఆ రోజు నాకు చాలా బాధేసింది’ అనండి. ‘ఇంత చిన్నదానికి అంత ఫీలయ్యావా’ అంటాడు. ‘అవునన్నయ్యా, అయ్యాను’ అనండి. అక్కడితో ఆపేయండి. క్షమాపణ అడిగించకండి, ఆవు బొమ్మ సంగతి తవ్వకండి. ఆయనకు అది గుర్తు కూడా ఉండకపోవచ్చు.

ఇక ముఖాలు. అవి కుదరకపోవడానికి కారణం మీ చేతిలో లేదు, చూపులో ఉంది. ఎదురుగా ఉన్నదాన్ని చూడకుండా, ముఖమంటే ఇలా ఉంటుందని మనకు తెలిసింది గీసేస్తాం. అద్దం ముందు నిలబడి నడినెత్తి నుంచి గడ్డం దాకా కొలిచి చూడండి. కళ్లు దాదాపు సరిగ్గా సగంలో ఉంటాయి. కొత్తగా వేసేవాళ్లు ఎక్కువమంది వాటిని నుదుటి మీదికి ఎక్కించేస్తారు, ఎందుకంటే మనిషితో మాట్లాడేటప్పుడు కళ్లూ నోరూ చూస్తాం గానీ పైనున్న తలను పట్టించుకోం. మీ అన్నయ్యకూ మొదట్లో ఎన్నో తప్పి ఉంటాయి. ఆ కాగితాలు చుట్టాల ముందు ఎవరూ తిప్పలేదు, అంతే తేడా.

ఒక నెల రోజులు రబ్బరు పక్కన పెట్టేసి పెన్నుతో వేయండి. మీ ఎడమ చేతిని ఎదురుగా పెట్టుకోండి. కాగితం వైపు అస్సలు చూడకుండా, వేలి అంచు వెంట కన్ను ఎంత మెల్లగా కదిలితే పెన్నునూ అంతే మెల్లగా కదలనివ్వండి. ఐదు నిమిషాలు చాలు. వచ్చింది చేయిలా ఉండదు, కంగారు పడకండి. బొమ్మలు నేర్పేవాళ్లు ఎప్పటి నుంచో చేయిస్తున్న అభ్యాసమే ఇది. కన్ను కాగితం మీద లేనంతసేపు బాగుందా లేదా అని తూకం వేయడం మీ వల్ల కాదు. మీకు ఇప్పుడు కావాల్సింది ఆ కాసేపే.

రవీంద్రనాథ్ టాగూర్ తన రాతప్రతుల్లో కొట్టేసిన మాటలను గీతలతో కలుపుతూ పోయి వాటినే బొమ్మలుగా మార్చేవారు. ఆయన బొమ్మల్లో గట్టిగా పడింది 60 దాటాకే. 1930లో పారిస్‌లో తొలి ప్రదర్శన జరిగేనాటికి 70కి దగ్గరపడ్డారు. ఆయనకు కొట్టివేతలోంచి బొమ్మ వచ్చింది. మీరేమో ఒక్క తప్పు గీత కూడా కనపడకూడదని కాగితం చింపుకుంటున్నారు.

ఇంకొకటి. పగటిపూట, ఇంట్లోవాళ్లు తిరుగుతుండగా ఒక పావుగంట కూర్చుని వేయండి. ఎవరైనా తొంగిచూస్తే మూయకండి. ‘ఏం వేస్తున్నావ్’ అంటే వేస్తున్నదేమిటో చెప్పండి. ‘ఏవో పిచ్చి గీతలు’ అని మాత్రం అనకండి. మొదటి వారం ఒళ్లంతా టెన్షన్‌గా ఉంటుంది, ఉండనివ్వండి.

నాన్నగారి చేయి సంగతి ఉత్తరం చివర రాసి వదిలేశారు. నాకు మాత్రం అదే కళ్ల ముందు ఉంది. టేపు వేసేటప్పుడు, ఆ వంకర వేలు వేసేటప్పుడు ఎవరేమంటారో అనిపించిందా? అనిపించి ఉండదు. నాన్నను చూస్తూ ఉండిపోయారు. అది బాగా వచ్చిందా అని ఎవరినీ అడగకండి, నన్ను కూడా. ఎప్పటికైనా అన్నయ్యకు చూపించాలనిపిస్తే చూపించండి, ఎలా ఉందని అడగడానికి కాదు. ఆయనకూ నాన్నే కదా.

ఆ పేజీ మీద తేదీ వేశారా? వేయకపోతే ఈరోజే వేయండి, మరిచిపోకముందే.