ఐరన్ మాత్రలు వేసుకుంటున్నా రక్తం పెరగట్లేదా? కాఫీ వేళలు మార్చండి

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. వయసు 41. హిమోగ్లోబిన్ 9.2 ఉందని ఐరన్ మాత్రలు రాశారు. మూడు నెలలైనా 9.4 దాటలేదు. థైరాయిడ్ మాత్ర కూడా ఉంది. పొద్దున్నే రెండూ కాఫీతోనే వేసుకుంటాను. రోజుకు నాలుగు ఫిల్టర్ కాఫీలు తాగుతాను. పూర్తిగా మానేయాలా?

జవాబు: మానక్కర్లేదమ్మా, వేళలు మార్చండి చాలు. కాఫీలోని పాలిఫినాల్స్ అనే పదార్థాలు ఐరన్‌ని పేగులోనే పట్టేస్తాయి. అది రక్తంలోకి చేరదు. డికాఫ్ (కెఫీన్ తీసేసిన కాఫీ), ఇన్‌స్టంట్ కాఫీలకు మారినా ఇదే ఇబ్బంది. భోజనానికి గంట ముందు, గంట తర్వాత కాఫీ, టీ వద్దని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతున్నది అందుకే. థైరాయిడ్ మాత్రనైతే కాఫీతో పాటు ఐరన్ కూడా అడ్డుకుంటుంది. ఆ రెండు మాత్రలకీ మధ్య నాలుగు గంటలుండాలి.

లేవగానే ఆరింటికి థైరాయిడ్ మాత్ర మంచినీళ్లతో వేసుకోండి. ఏడింటికి కాఫీ, ఎనిమిది దాటాక టిఫిన్. పదకొండింటికి ఐరన్ మాత్ర, అరచెక్క నిమ్మకాయ పిండిన నీళ్లతో. అప్పుడు పాలు, మజ్జిగ, కాల్షియం మాత్ర వద్దు. కడుపులో తిప్పితే మధ్యాహ్నం అన్నం తిన్నాక వేసుకోండి. రెండో కాఫీ నాలుగింటికి. ఆ తర్వాత తాగితే నిద్ర చెడుతుంది.

150 మిల్లీలీటర్ల ఫిల్టర్ కాఫీలో 80 నుంచి 120 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. రోజుకు 300 దాటకూడదు. నాలుగు కప్పులంటే దాటినట్టే. ఒక్కసారిగా ఆపితే తలనొప్పి పట్టుకుంటుంది, మూడు నాలుగు రోజులకో అరకప్పు చొప్పున తగ్గించండి.

నెపమంతా కాఫీ మీద వేసి ఊరుకోవద్దు. నెలసరిలో రక్తం ఎక్కువగా పోతోందేమో చూపించుకోండి. వరిచేలల్లో, తడిమట్టిలో చెప్పుల్లేకుండా తిరిగేవాళ్లకు కొంకి పురుగులు పాదాల చర్మంలోంచి లోపలికి చేరి, పేగుల్లో రక్తం పీలుస్తాయి. మన డెల్టా ఊళ్లలో ఈ సంగతి మరవకూడదు. మలపరీక్ష చేయించండి. పురుగులుంటే సాధారణంగా ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి ఇస్తారు.

నెల తర్వాత హిమోగ్లోబిన్ చూడండి. కనీసం 1 గ్రాము పెరగాలి. పెరక్కపోతే ఒంట్లో ఐరన్ నిల్వలు తెలిపే ఫెరిటిన్ పరీక్ష అవసరం. ఆరు వారాలకు థైరాయిడ్ రక్తపరీక్ష టీఎస్‌హెచ్ చేయించండి. ఇన్నాళ్లూ సరిగా ఒంటబట్టని థైరాయిడ్ మాత్ర ఇప్పుడు పూర్తిగా పనిచేస్తుంది కాబట్టి మోతాదు తగ్గించాల్సి రావచ్చు. గుండెదడ, చేతుల వణుకు కనిపిస్తే మాత్రం ఆరు వారాలు ఆగకుండా వెంటనే మీ డాక్టరు దగ్గరికి వెళ్లండి.